సంతకానికి ముందు: గ్రామ పంచాయతీ సర్పంచులు, వార్డు సభ్యులు, కార్యదర్శుల నడవడికకు సమగ్ర మార్గదర్శి

తెలంగాణలో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు. ఐదేళ్లూ పూర్తిగా అందినా 3,90,000 దాటదు. ఎన్నికల్లో పెట్టిన డబ్బు ఇందులోంచి తిరిగి రాదని ఊళ్లో అందరికీ తెలుసు. కాబట్టి గెలిచిన రోజు నుంచే 'ఎక్కడ రాబట్టుకుంటాడో' అన్న అనుమానంతోనే ఊరు చూస్తుంది. నిజాయితీగా ఉండాలనుకున్న సర్పంచ్ కూడా ఆ అనుమానానికి జవాబు కాగితం మీద చూపించాల్సిందే.

సొమ్ము తిన్నవాళ్ల సంగతి అలా ఉంచితే, నోటీసులు అందుకున్న సర్పంచుల్లో చాలామంది వరస తప్పి సంతకం పెట్టి చిక్కుకున్నవాళ్లే. ముందు ఖర్చు పెట్టి తర్వాత తీర్మానం రాయించుకుంటారు. కొలతలు పడకుండానే చెక్కు ఇచ్చేస్తారు. సమావేశం జరగకుండానే మినిట్స్ పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు సేకరిస్తారు. ఈ మార్గదర్శి ప్రధానంగా ఆ వరస గురించే. 2025 డిసెంబర్‌లో ఎన్నికైన తెలంగాణ సర్పంచులను, ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాశాం. వార్డు సభ్యులకూ కార్యదర్శులకూ వర్తించేవి ఎక్కడికక్కడ చెప్పాం.

మొదటి మెట్టు: చట్టం దృష్టిలో మీరెవరో తెలుసుకోండి

పంచాయతీ కార్యదర్శి ప్రభుత్వ ఉద్యోగి. ఆయనకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉంది. బహుమతులు, ఆస్తుల కొనుగోళ్లు, ఏటా ఇవ్వాల్సిన ఆస్తుల వివరాలు అన్నీ అందులో ఉన్నాయి. సర్పంచ్ ఉద్యోగి కాదు, ఆ నియమావళి ఆయనకు వర్తించదు. 'నేను ప్రజాప్రతినిధిని, నాకు రూల్స్ ఏంటి' అనే మాట పుట్టేది ఇక్కడే. అది తప్పు. సర్పంచ్‌ను మూడు వైపుల నుంచి మూడు చట్టాలు పట్టి ఉంచుతాయి.

మొదటిది పంచాయతీరాజ్ చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం, తెలంగాణలో 2018 చట్టం. అధికార దుర్వినియోగం, నిధుల దుర్వినియోగం, విధుల్లో నిర్లక్ష్యం రుజువైతే సర్పంచ్‌ను తొలగించే అధికారం జిల్లా కలెక్టర్‌కు ఉంది. 1994 చట్టంలో 249వ సెక్షన్, 2018 చట్టంలో 37వ సెక్షన్ చదువుకోండి. రెండోది 1988 నాటి అవినీతి నిరోధక చట్టం. పదవి కారణంగా ప్రజా విధి నిర్వహించే ఎవరైనా ఈ చట్టం కింద పబ్లిక్ సర్వెంటే, జీతం తీసుకుంటున్నారా లేదా అన్నదానితో పని లేదు. 7వ సెక్షన్ కింద శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడొచ్చు. మూడోది భారతీయ న్యాయ సంహిత. చేతికి అప్పగించిన ప్రజాధనాన్ని పబ్లిక్ సర్వెంట్ సొంతానికి వాడుకుంటే 316వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ కింద పదేళ్ల దాకా, లేదా యావజ్జీవ శిక్ష పడొచ్చు.

ఇవన్నీ మొదలుకాకముందే ఒక గడువు ఉంటుంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్కలు అప్పజెప్పాలి. తెలంగాణలో 5,000 జనాభా దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి 2,50,000 రూపాయలు, అంతకు తక్కువైతే 1,50,000. లెక్కలు ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత. ఓడినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పదవీకాలంలో మీరిచ్చే మొదటి లెక్క ఇదే కాబట్టి, మైకు బిల్లు నుంచి ఫ్లెక్సీల దాకా ఓచర్లతో సహా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.

రెండో మెట్టు: బాధ్యతలు తీసుకునే రోజు

ప్రమాణ స్వీకారం రోజు శాలువాల హడావుడిలో రికార్డులు ఎవరూ అడగరు. ఆ వారంలోనే ఒక పూట కేటాయించుకుని కార్యదర్శితో కూర్చోండి. క్యాష్‌బుక్‌లో చివరి నిల్వ ఎంత, బ్యాంకు, ట్రెజరీ ఖాతాల్లో ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ తేడాను రాయించి తేదీ వేయించండి. అది మీరు రాకముందు పుట్టిన తేడా అని చెప్పడానికి తర్వాత మరో సాక్ష్యం దొరకదు.

భవన అనుమతుల రిజిస్టర్, ఇంటి నంబర్ల రిజిస్టర్, మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాలు: ఒక్కోదాంట్లో చివరి నమోదు కింద అడ్డంగా గీత గీసి, తేదీ వేసి, కార్యదర్శీ మీరూ సంతకం చేయండి. మధ్యలో వదిలేసిన ఖాళీ గళ్లను కొట్టివేయించండి. పాత తేదీలు వేసి అనుమతులు పుట్టించే వ్యాపారం నగరాల చుట్టుపక్కల పంచాయతీల్లో ఏళ్ల తరబడి సాగింది. దానికి కావాల్సింది రిజిస్టర్‌లో రెండు ఖాళీ గళ్లు, దిగిపోయిన సర్పంచ్ సంతకం మాత్రమే. ఆ దారి మూసేయడానికి ఒక గీత చాలు.

పంచాయతీ ఆస్తుల జాబితా కూడా అప్పుడే చూసుకోవాలి. ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్, మోటార్లు, స్టార్టర్లు, వీధి దీపాలు, లేఅవుట్లలో పంచాయతీకి రావాల్సిన ఖాళీ స్థలాలు వరుసగా సరిచూసుకోండి. కాగితం మీదున్న మోటారు బావిలో ఉందో లేదో వెళ్లి చూడండి.

మూడో మెట్టు: మీవాళ్లెవరో ముందే రాసిపెట్టండి

నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు ఇచ్చే ఉంటారు. అది చాలదు. పంచాయతీతో లావాదేవీ పెట్టుకునే అవకాశం ఉన్న మీ బంధువుల, భాగస్వాముల పేర్లతో ఒక పేజీ తయారు చేసుకోండి. బావమరిదికి సిమెంటు దుకాణం ఉండొచ్చు. అన్న కొడుకు జేసీబీ తిప్పుతుండొచ్చు. మీరు ఫైనాన్స్ ఇచ్చిన మనిషి ఊరవతల ప్లాట్లు వేస్తుండొచ్చు. ఆ పేజీని మొదటి సమావేశంలోనే చదివి మినిట్స్‌లో చేర్పిస్తే, మీ ప్రత్యర్థి చేతిలోంచి సగం ఆయుధాలు లాగేసినట్టే. వార్డు సభ్యులతోనూ అదే చేయించండి. ఊళ్లో ఇది ఎవరూ చేయరు కాబట్టి మొదట వింతగా చూస్తారు, ఫరవాలేదు.

పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టులో గానీ పనిలో గానీ సభ్యుడికి ప్రయోజనం ఉంటే అది అనర్హతకు దారితీస్తుంది. బిల్లు బినామీ పేరున ఉన్నా డబ్బు మీ ఇంటికే చేరితే ప్రయోజనం మీదే. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసిన సర్పంచుల్లో ఎంతోమంది, అప్పులు తెచ్చి చేయించిన పనులకు బిల్లులు రాలేదని రోడ్డెక్కారు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ సర్పంచ్ తన డబ్బు పెట్టి తనే పని చేయించుకుంటే, పనిని తనిఖీ చేయాల్సినవాడూ బిల్లు రావాల్సినవాడూ ఒక్కడే అవుతాడు. రోడ్డు నాసిరకంగా పడితే ప్రశ్నించేవాడుండడు. బిల్లు ఆగితే అప్పు వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీని తర్వాతి పనిలో రాబట్టుకోవాలన్న ఒత్తిడి మొదలవుతుంది. పై అధికారి 'ముందు పని చేసేయండి, బిల్లు తర్వాత చూద్దాం' అన్నప్పుడు, నిధి ఏదో రాసిన మంజూరు ఉత్తర్వు అడగండి. అది లేకపోతే పని మొదలుపెట్టకండి.

సమావేశంలో మీవాళ్ల అంశం వచ్చిందనుకోండి. అక్కడే మౌనంగా కూర్చుంటే తప్పుకున్నట్టు కాదు. మినిట్స్‌లో ఇలా రాయించాలి: 'అంశం 4: పైపులైను మరమ్మతు. కొటేషన్ ఇచ్చినవారిలో ఒకరు తమ బావమరిది అయినందున సర్పంచ్ గారు ఆ విషయం సభకు తెలిపి, చర్చకు ముందే గది వెలుపలికి వెళ్లారు. ఉప సర్పంచ్ అధ్యక్షత వహించారు. మూడు కొటేషన్లు చదివి తక్కువ ధర ఇచ్చినవారికి పని అప్పగించాలని తీర్మానించారు. తర్వాత సర్పంచ్ గారు తిరిగి అధ్యక్ష స్థానం తీసుకున్నారు.' మూడు కొటేషన్లూ ఒకే చేతిరాతలో, ఒకే ప్రింటర్ మీద, ఒకే అక్షర దోషంతో ఉంటే మాత్రం మీరు బయటికి వెళ్లినా ఆ తీర్మానం నిలబడదు. ఆడిటర్ మొదట చూసేది అదే.

నాలుగో మెట్టు: డబ్బు కదిలే వరస

వరస ఇది: తీర్మానం, అంచనా, సాంకేతిక మంజూరు, పరిపాలనా మంజూరు, పని, ఎంబీలో (కొలతల పుస్తకంలో) కొలతలు, చెక్ మెజర్‌మెంట్ (ఆ కొలతలను పై ఇంజనీరు సరిచూడటం), బిల్లు, ఆ తర్వాతే చెల్లింపు. ఇందులో ఏ రెండింటి తేదీలు తారుమారైనా అభ్యంతరం పడుతుంది. పని బాగా జరిగిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

కొలతల పుస్తకం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) రాస్తారు, అయినా కళ్లు మూసుకుని నమ్మాల్సిన పని లేదు. ఒక సీసీ రోడ్డు తీసుకోండి. వంద మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 12 సెంటీమీటర్లే పోస్తే అది 36కు పడిపోతుంది. తేడా 9 ఘనపు మీటర్లు. ఎం20 మిశ్రమానికి ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు వేసుకున్నా, 72 బస్తాలు రోడ్డులో పడకుండానే బిల్లులో పడ్డట్టు. పైకి రోడ్డు నున్నగానే ఉంటుంది. కాబట్టి కాంక్రీటు పోసే రోజు ఉదయాన్నే వెళ్లండి. పక్కన బిగించిన ఛానెల్ ఎత్తు టేపుతో కొలవండి, అడుగు భాగం మధ్యలో ఉబ్బుగా ఉందేమో తాడు లాగి చూడండి. అంచుల్లో 15 చూపించి నడుమ 10కి దించడం పాత పద్ధతి. పది మీటర్లకొకచోట టేపు కనిపించేలా ఫోటో తీసి, తేదీతో దాచుకోండి. 28 రోజుల తర్వాత కాంక్రీటు బలం పరీక్షకు క్యూబులు పోశారో లేదో అక్కడే అడగండి.

ఒకే పనిని ముక్కలు చేయడం ఇంకో తప్పు. టెండరు లేకుండా నామినేషన్ మీద ఇవ్వగలిగే పరిమితికి లోబడేలా ఒక వీధి రోడ్డును 'రామాలయం నుంచి బోరు దాకా', 'బోరు నుంచి బడి దాకా' అని విడగొడతారు. రెండు పనుల తీర్మానం తేదీ ఒకటే, కాంట్రాక్టరు ఒకరే అయితే ఉద్దేశం దాగదు.

వస్తువుల కొనుగోళ్లలో బ్లీచింగ్ పౌడర్ మంచి ఉదాహరణ. తాగునీటికి వెయ్యి లీటర్లకు సుమారు 4 గ్రాములు వాడతారు. 40,000 లీటర్ల ట్యాంకు రోజుకోసారి నింపితే 160 గ్రాములు, నెలకు ఐదు కిలోల లోపే. 25 కిలోల బస్తా ఒకటి ఐదు నెలలు వస్తుంది. మురుగు కాలువల మీద చల్లేది విడిగా లెక్క వేయాలి, అది ఎక్కువే ఉంటుంది. అయినా నెలకు పది బస్తాల బిల్లు వస్తే, స్టాకు రిజిస్టర్‌లో ఏ వీధికి ఎంత ఇచ్చారో చూడండి. 'ఊరంతా చల్లించాం' అని ఒక్క వాక్యం రాసి ఉంటే బిల్లు వెనక్కి పంపండి. పాత నిల్వ పెట్టుకోవడం కూడా పనికిరాదు, తెరిచి ఉంచిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోతుంది.

ట్రాక్టర్ డీజిల్ కూడా ఇదే కోవలోది. ట్రాక్టర్‌కు గంటల మీటర్ ఉంటుంది. లాగ్‌బుక్‌లో రోజూ మొదలు, ముగింపు రీడింగులు ఉండాలి. ఆ మీటర్ 'పాడైంది' అన్న నెలలో డీజిల్ బిల్లు పెరిగిందేమో చూడండి. పంచాయతీ ట్రాక్టర్‌తో మీ పొలం దున్నించుకోవడం చిన్న విషయం కాదు, అది పంచాయతీ ఆస్తిని సొంతానికి వాడుకోవడమే.

నిధులకు వాటి గీతలు వాటికి ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టినదే. మిగతా 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతాలకూ కార్యాలయ ఖర్చులకూ కాదు. పారిశుద్ధ్య కార్మికుల జీతం ఆగిపోయిందని జాలిపడి ఈ ఖాతాలోంచి ఇచ్చినా అది మళ్లింపే. ఈ చెల్లింపులన్నీ ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ ప్రత్యర్థి ఫోన్‌లో మీ వోచర్లు ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు.

ఇక వసూళ్లు. ఇంటి పన్ను డబ్బు ఒక్క రాత్రి కూడా ఎవరి జేబులోనూ ఉండకూడదు. వారానికోసారి మూడు కాగితాలు సరిచూడండి: రసీదు పుస్తకంలో చివరి నంబరు దాకా మొత్తం, క్యాష్‌బుక్‌లో జమ, చలానా. మూడూ కలవాలి. ఆన్‌లైన్ రసీదు వచ్చే చోట చేతిరాత పుస్తకం బయటికి తీస్తే కారణం అడగండి. 'జీతాలకు ఇక్కడికిక్కడే సర్దేశాం, చలానా కట్టలేదు' అనే సమాధానం వినిపిస్తుంది. ఉద్దేశం మంచిదైనా, వచ్చిన సొమ్మును ఖాతాలో వేయకుండా ఖర్చు పెట్టడం ఆడిట్‌లో నేరుగా పడే అభ్యంతరం.

చెక్ పవర్, డిజిటల్ కీ, ఇంట్లోవాళ్లు

తెలంగాణలో చెక్ పవర్, అంటే చెక్కుల మీద సంతకం చేసే అధికారం, సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరికీ కలిపి ఉంది. ఒకరినొకరు చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. చాలా ఊళ్లలో అది సంతకానికో రేటు అన్నట్టుగా మారింది. ఉప సర్పంచ్ సంతకం ఆపితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని సమావేశంలో తీర్మానించుకోండి: ఏ బిల్లు, ఏ లోపం, ఎప్పటిలోగా సరిచేయాలి. కారణం లేకుండా ఆపితే ఆ విషయాన్ని ఎంపీడీవోకూ (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి), డీపీవోకూ (జిల్లా పంచాయతీ అధికారికి) రాయండి. ఎస్సీ, ఎస్టీ సర్పంచ్‌ను విధులు చేయనివ్వకుండా బెదిరించడం, అడ్డుకోవడం ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (దౌర్జన్యాల) నిరోధక చట్టం కింద నేరమన్నది ఇక్కడ చాలామందికి తెలియదు. తెలియాలి.

ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టి కార్యదర్శి బీరువాలో ఉంచడం సౌకర్యంగా కనిపిస్తుంది. ఆన్‌లైన్ చెల్లింపులకు మీ సంతకంగా పనిచేసే డిజిటల్ కీ ఎంపీడీవో కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్ దగ్గరే ఉండటం, పాస్‌వర్డ్ దాని మీదే కాగితం అంటించి ఉండటం కూడా అంతే సర్వసాధారణం. ఆ కీతో జరిగిన ప్రతి చెల్లింపూ చట్టం దృష్టిలో మీ సంతకమే. కీ మీ దగ్గరే ఉంచుకోండి, ఓటీపీ వచ్చే ఫోను నంబరు మీదే ఇవ్వండి, వాడిన రోజు, వోచర్ నంబరు, మొత్తం ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి.

రెండు రాష్ట్రాల్లోనూ సగం సర్పంచ్ పదవులు మహిళలవే. ఎన్నికైన ఆమె ఇంట్లో, కుర్చీలో భర్త లేదా మరిది. దీన్ని ఊరు సహజంగా తీసుకుంటుంది, కాంట్రాక్టరు ఇంకా ఇష్టపడతాడు. కానీ నోటీసు మాత్రం ఆమె పేరుకే వస్తుంది, కేసులో మొదటి ముద్దాయి ఆమే అవుతుంది. 'నాకేమీ తెలియదు, ఆయన చెప్పిన చోట సంతకం పెట్టాను' అన్న మాట ఆమెను కాపాడదు. అమ్మా, మీరే సర్పంచ్ అయితే మూడు పనులు మీరే చేయండి: సమావేశంలో మీరే కూర్చోండి, కీ మీ దగ్గరే పెట్టుకోండి, చదివించుకోకుండా దేని మీదా సంతకం పెట్టకండి. చదువు రాకపోతే కార్యదర్శి చేత బిగ్గరగా చదివించుకునే హక్కు మీకుంది. కార్యదర్శికి ఒక మాట: పదవి లేని భర్తతో ఫైలు చర్చించడం, రికార్డులు ఇంటికి పంపడం మీ ప్రవర్తనా నియమాల కింద మీ తప్పే అవుతుంది.

ఐదో మెట్టు: సమావేశాలు, గ్రామసభ

తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. గ్రామసభ పెట్టకపోతే పదవే పోయే నిబంధన రెండు రాష్ట్రాల చట్టాల్లోనూ ఉంది. ఆలస్యానికి మామూలుగా చెప్పే కారణం 'జనం రారు' అని. అంతకంటే తరచుగా అసలు కారణం, వస్తే అడుగుతారని. దండోరా వేయించి, ఎజెండా పంచాయతీ గోడకు అంటించి, ఆ గోడ ఫోటో తీసి ఉంచండి. కోరం (కనీస హాజరు) లేకపోతే లేదని రాయండి. రానివాళ్ల వేలిముద్రలు తర్వాత వేయించడం దొంగ రికార్డు సృష్టించడమే అవుతుంది.

మినిట్స్ పుస్తకంలో నియమం ఒకటే: ఆ రోజు రాసింది ఆ రోజే ముగించాలి. ప్రతి అంశం కింద ఖాళీ లేకుండా గీత, చివర సంతకాలు. ఒక సభ్యుడు వ్యతిరేకిస్తే అతని పేరుతో, అతని మాటలో రాయాలి. అసమ్మతి నమోదు చేయడం సర్పంచ్‌కు నష్టమని అనుకుంటారు. తప్పు బయటపడ్డ రోజున, అసమ్మతి రాయించిన సభ్యుడికి అదే రక్షణ. మౌనంగా సంతకం పెట్టిన మిగతావాళ్లంతా సర్పంచ్‌తో పాటే జవాబు చెప్పాలి.

ఇళ్లు, పింఛన్ల లబ్ధిదారుల జాబితా పంచాయతీలో అత్యంత ప్రమాదకరమైన కాగితం. అర్హతలు పేర్ల కంటే ముందే గ్రామసభలో చదవండి. తర్వాత పేర్లు చదివి, ఏ అర్హత వల్ల చేరిందో, ఏ కారణం వల్ల తొలగిందో పక్కనే రాయండి. మీ బంధువు నిజంగా అర్హురాలైతే ఆమె పేరు విడిగా చెప్పి, బంధుత్వం ప్రకటించి, సభ అభిప్రాయం అడగండి. మీకు ఓటు వేయని వీధి పేర్లన్నీ ఒకే కారణంతో ఎగిరిపోతే, దాన్ని చూడటానికి ఆడిటర్ అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి పనుల మీద జరిగిన సామాజిక తనిఖీల్లో ఊళ్లోవాళ్లే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) గట్టిగా చదివించి పని చేయనివాళ్ల పేర్లు పట్టుకున్నారు. జాబితా చదవడం ఎలాగో ఊరికి అప్పుడే తెలిసిపోయింది.

ఆరో మెట్టు: అనుమతులు, ధ్రువపత్రాలు

లేఅవుట్‌కు సొంతంగా ఆమోదం ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు. సాంకేతిక ఆమోదం డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం) నుంచో, ఆ ప్రాంతం పరిధిలోకి వచ్చే హెచ్ఎండీఏ, సీఆర్డీఏ లాంటి నగరాభివృద్ధి సంస్థ నుంచో రావాలి. 'పంచాయతీ లేఅవుట్' అని బోర్డు పెట్టి అమ్మేవాడు కావాలనేది మీ లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలే. 'మాకు అభ్యంతరం లేదు' అనే ఉత్తరం ఇచ్చినా, కొన్నవాళ్లు మోసపోయాక అది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంటి నంబరు ఇవ్వడం యాజమాన్య హక్కు ఇవ్వడం కాదు. అయినా ఖాళీ స్థలానికి ఇంటి నంబరు వేయించి రిజిస్ట్రేషన్లు చేయించిన ఉదంతాలు నగర శివార్లలో కోకొల్లలు. ఇల్లు కట్టి ఉందో లేదో కళ్లతో చూశాకే నంబరు.

సర్పంచ్ లెటర్‌హెడ్ మీద రాసేవి రెండే రకాలుగా ఉండాలి: పంచాయతీ తీర్మానం తెలిపేవి, విజ్ఞప్తులు. కులం, ఆదాయం, వారసత్వం ధ్రువీకరించే అధికారం సర్పంచ్‌కు లేదు. 'ఫలానా అతను నాకు తెలుసు, మంచివాడు' అని పోలీసు కేసులో ఉన్నవాడికి రాసిచ్చే ఉత్తరం పరోపకారం కాదు. జనన మరణాల నమోదు కార్యదర్శి పని. 21 రోజుల లోపు నమోదుకు రుసుం లేదు, అక్కడ వంద రూపాయలు అడిగినా అది లంచమే.

బహుమతులు

సన్మానంలో శాలువా, పూలదండ తీసుకోండి. ఉంగరం, ఫోను, తిరుపతి ప్రయాణం ఖర్చు వద్దు. కష్టమంతా వీటి మధ్యలో ఉంది. బిల్లు పెండింగ్‌లో ఉన్న కాంట్రాక్టరు వినాయక మండపానికి లక్ష చందా ఇచ్చాడు, మీ ఇంట్లో పెళ్లికి టెంటు వేయించాడు. ఇక్కడ పరీక్ష ఇది: మీరు పదవిలో లేకపోతే అతను ఇచ్చేవాడా? నిజంగా ఊరి కోసమే ఇవ్వదలిస్తే పంచాయతీ ఖాతాకు ఇమ్మనండి, రసీదు రాసి, సమావేశంలో నమోదు చేయండి. ఇవ్వడం మానేస్తే అది చందా కాదని తేలిపోయినట్టే.

ఎవరైనా అడిగినప్పుడు, ఎవరైనా ఇవ్వబోయినప్పుడు

పైస్థాయి కార్యాలయంలో బిల్లు కదలాలంటే శాతం అడుగుతారు. సర్పంచ్ ఆ శాతం కట్టి కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడు. అప్పుడు తను ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ అవుతాడు. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే, శిక్ష ఏడేళ్ల దాకా. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో ఫిర్యాదు చేసినవారికి ఆ సెక్షన్ నుంచి రక్షణ ఉంది. ఇవ్వకముందే ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చెప్పడం అంతకంటే మేలు. టోల్‌ఫ్రీ నంబరు 1064.

పుచ్చుకునేవైపు ఒక భ్రమ బాగా ప్రచారంలో ఉంది: నోట్లు చేత్తో ముట్టుకోకపోతే దొరకం అని. నోట్ల మీద ఫినాఫ్తలీన్ పొడి, చేతులు కడిగితే సోడియం కార్బొనేట్ ద్రావణం గులాబీ రంగుకు తిరగడం నిజమే. కానీ 7వ సెక్షన్‌లో అసలు విషయం అడగడం. డ్రైవరు ద్వారా, టీకొట్టు యజమాని ద్వారా, ఫోన్‌పేలో మేనల్లుడి నంబరుకు తీసుకున్నా తీసుకున్నట్టే. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా సందర్భ సాక్ష్యాలతో డిమాండ్‌ను రుజువు చేయొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబర్‌లో తేల్చి చెప్పింది. పని చేయిస్తానని మధ్యలో తీసుకునే పైరవీకారుడికీ విడిగా సెక్షన్ ఉంది.

మీకు ఎవరైనా కవరు ఇవ్వబోతే అక్కడే, వినేవాళ్ల ముందే తిప్పి ఇవ్వండి. ఇంట్లో వదిలి వెళ్తే ఆ రోజే కార్యదర్శికీ ఎంపీడీవోకూ రాతపూర్వకంగా చెప్పండి. 'రేపు తిరిగిచ్చేద్దాం' అనుకున్న రాత్రి దాడి జరిగితే మీ ఉద్దేశం ఎవరికీ కనిపించదు.

నోటిమాట ఆదేశాలకు కూడా ఇదే పద్ధతి. పెద్ద నాయకుడు ఫోన్ చేసి ఫలానావాడికి పని ఇవ్వమంటే, 'సరే సార్, ఉత్తరం పంపించండి, సమావేశంలో పెడతాను' అనండి. ఉత్తరం సాధారణంగా రాదు. పై అధికారి నోటితో చెప్పి కాగితం ఇవ్వకపోతే, 'ఈ రోజు ఫోన్‌లో మీరు చెప్పిన ప్రకారం' అని మొదలుపెట్టి మీరే ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నిజామాబాద్, జగిత్యాల వైపు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, వెలివేతలు విధించినప్పుడు సర్పంచ్‌ను ముందు వరుసలో కూర్చోబెట్టాలని చూస్తాయి. కూర్చోకండి. ఆ తీర్పులకు చట్టంలో చోటు లేదు, మీ కుర్చీకి ఉంది.

ఆర్టీఐ, ఆడిట్, నోటీసు

గ్రామస్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు రుసుం లేదు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యానికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 జరిమానా సమాచార అధికారి జేబులోంచి పోతుంది. దరఖాస్తుదారు బ్లాక్‌మెయిలర్ అనిపించినా కాగితం దాచకండి. అడిగింది అందరికీ కనిపించేలా పంచాయతీ గోడ మీద ముందే పెడితే అతనికి అమ్ముకోవడానికి ఏమీ మిగలదు.

ఆడిట్ అభ్యంతరం రాగానే చాలామంది చేసే పని జవాబివ్వకుండా వదిలేయడం. జవాబు లేని అభ్యంతరం సర్‌ఛార్జీగా మారి వ్యక్తిగతంగా మీ నుంచి వసూలయ్యే దాకా వెళ్తుంది. ఒక్కో పేరాకు ఒక్కో కాగితం మీద జవాబు, దానికి వోచర్, ఎంబీ పేజీ, తీర్మానం నకళ్లు జతచేసి గడువులోగా పంపండి. నిజంగా తప్పు జరిగితే సాకులు చెప్పకుండా ఆ మొత్తాన్ని చలానా కట్టి జతచేయడమే దగ్గర దారి. పాత తేదీతో కొత్త తీర్మానం పుట్టించి అభ్యంతరం మూసేయాలని చూస్తే, చిన్న లోపం కాస్తా ఫోర్జరీ కేసు అవుతుంది.

కలెక్టర్ నుంచి సంజాయిషీ నోటీసు వస్తే అందిన తేదీ కవరు మీద రాయండి. అందులో పేర్కొన్న రికార్డుల నకళ్లు ముందు అడగండి, ఆ తర్వాతే జవాబు రాయించండి. మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తొలగించడానికి వీల్లేదు. ఆ అవకాశాన్ని గడువు దాటించి మీరే పోగొట్టుకోకండి.

చివరి మెట్టు: దిగిపోయే రోజు

పదవీకాలం ముగియడానికి రెండు నెలల ముందు కొత్త పనుల తీర్మానాలు ఆపేయండి. పెండింగ్ బిల్లుల జాబితా పని పేరు, తీర్మానం తేదీ, ఎంబీ నంబరు, పేజీ, మొత్తం వివరాలతో తయారు చేసి చివరి సమావేశంలో ఆమోదం తీసుకోండి. డిజిటల్ కీని రద్దు చేయమని ఎంపీడీవోకు రాసి రసీదు తెచ్చుకోండి, లేదంటే మీరు దిగిపోయాక కూడా మీ సంతకంతో చెల్లింపులు జరిగే ప్రమాదం ఉంది. రికార్డులు, తాళాలు, లెటర్‌హెడ్లు, ముద్రలు ఒక్కొక్కటీ రాసి అప్పగించి, జాబితా మీద కార్యదర్శి, ప్రత్యేకాధికారి లేదా కొత్త సర్పంచ్ సంతకాలు తీసుకోండి. మీ ఆడిట్ రెండు, మూడేళ్ల తర్వాత రావొచ్చు. అప్పటికి కార్యదర్శి బదిలీ అయి ఉంటారు, ఏఈ మారి ఉంటారు, రిజిస్టర్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఆ జాబితా నకలొకటి మీ ఇంట్లో, ఇంకొకటి మీరు నమ్మే మరో చోట ఉంచుకోండి.